ఉపకార వేతనంలో ఉపకారం ఎవరిది?

స్కాలర్‌షిప్‌కు తెలుగులో మనం ఉపకార వేతనం అని పేరు పెట్టుకున్నాం. దరఖాస్తు ఫారాల మీద, ప్రభుత్వ ఉత్తర్వుల్లో, పత్రికల్లో దశాబ్దాలుగా అదే మాట వాడుకలో ఉంది. అందులో ఒకదానికొకటి పొసగని రెండు పదాలున్నాయి. వేతనం హక్కుగా దక్కేది. దాన్ని అడిగి తీసుకోవచ్చు, ఆలస్యమైతే నిలదీయవచ్చు. ఉపకారం ఇచ్చేవారి మనసును బట్టి అందేది. తీసుకున్నవాడు తలవంచి కృతజ్ఞత చెప్పుకోవాలి. పదో తరగతి దాటిన దళిత విద్యార్థి పేరిట విడుదలయ్యే డబ్బు ఈ రెండింటిలో ఏది అన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. ఆ ప్రశ్నను తన సొంత చదువులో అనుభవించి, తర్వాత అధికారంలోకి వచ్చినప్పుడు దానికి ఒక జవాబు చెప్పినవారు బాబాసాహెబ్ అంబేడ్కర్.

ఊరూరా ఉన్న విగ్రహాల్లో ఆయన చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. ఆ చెయ్యి పుస్తకం దాకా చేరడానికి ఎంత డబ్బు అవసరమైంది, అది ఎవరిచ్చారు, ఏ షరతుతో ఇచ్చారు, ఎప్పుడు ఆపేశారు అన్న సంగతులు జయంతి సభల్లో పెద్దగా వినిపించవు. మేధావి కనుక చదివాడు, పట్టుదల ఉంది కనుక గెలిచాడు అని ముగిస్తాం. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే నాకు ఈ ముగింపు ప్రమాదకరంగా కనిపిస్తుంది. పట్టుదల ఉంటే చాలన్న మాట, ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్లవాడిలో పట్టుదల లేదని చెప్పినట్టే అవుతుంది. అందుకే అంబేడ్కర్ జీవితాన్ని ఒకసారి ఆయన చదువు ఖర్చుల లెక్క నుంచి చదవాలని నా ప్రతిపాదన.

1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో భీమరావు పుట్టాడు. తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. మహార్ కులస్తుల కుటుంబానికి అక్షరం దక్కింది ఊరి బడి వల్ల కాదు, సైన్యం వల్ల. సైనికులకూ వారి పిల్లలకూ చదువు నేర్పే ఏర్పాటు అక్కడ ఉండేది. అయితే 1890ల్లో మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. రాంజీ అప్పటికే సర్వీసు ముగించుకుని స్వల్పమైన పెన్షన్‌తో కుటుంబాన్ని నెట్టుకొస్తున్నాడు. ఒక తరానికి తెరుచుకున్న తలుపు మరుసటి తరం కళ్ల ముందే మూసుకుపోయింది. ఇలాంటి తలుపులు పాలకుల అవసరాన్ని బట్టి తెరుచుకుంటాయి, అదే అవసరాన్ని బట్టి మూసుకుంటాయి.

కుటుంబం సతారాకు చేరింది. తల్లి భీమాబాయి అక్కడే కన్నుమూసింది. 1900 నవంబరు 7న భీమరావు సతారా ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లిషు చదువులో చేరాడు. మహారాష్ట్రలో ఇప్పుడు ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుకుంటున్నారు. తరగతిలో అతను కూర్చోవడానికి ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోవాలి, సాయంత్రం దాన్ని తిరిగి ఇంటికి మోసుకెళ్లాలి. దాహమైతే కుండ తాకకూడదు, కుళాయి తిప్పకూడదు. ప్యూన్ వచ్చి పోస్తేనే నీళ్లు. ప్యూన్ రాని రోజు దాహమే. ఆ బడిలో ప్రవేశం దొరికింది, ఫీజు కూడా కట్టారు. అయినా నీటి చుక్క మరొకరి చిత్తం మీద ఆధారపడింది. చదువుకు కావలసిన ప్రతి అవసరమూ మరొకరి చిత్తానికి లోబడి ఉండడం ఎలా ఉంటుందో ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లకే తెలిసింది.

తర్వాత బొంబాయి. పరేల్ కార్మికవాడలోని చాల్‌లో ఒకే గది. అందులోనే వంట, పడక, చదువు, చుట్టాలు. తండ్రి రాత్రి చాలాసేపు మేలుకుని రెండు గంటలకు కొడుకును నిద్రలేపేవాడు. ఇల్లంతా నిద్రపోయిన ఆ వేళ కిరోసిన్ దీపం ముందు భీమరావు చదువుకునేవాడు. ఇద్దరు కొడుకులను చదివించే స్తోమత లేక అన్న ఆనందరావు చదువు మాన్పించి పనిలో పెట్టారు. భీమరావు పుస్తకాలు అడిగితే, తండ్రి పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకు వెళ్లి వారి నగలు తెచ్చి కుదువ పెట్టేవాడు. పెన్షన్ రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవాడు. అంబేడ్కర్ ప్రాథమిక, మాధ్యమిక విద్యకు ఆర్థిక సాయం చేసిన తొలి దాతల జాబితా రాస్తే అందులో మహారాజుల కంటే ముందు ఒక అన్న ఆగిపోయిన చదువు, అక్కల చేతి గాజులు ఉంటాయి. నేటికీ మన పల్లెల్లో తొలితరం విద్యార్థి వెనుక చదువు మానేసిన అన్నో, పెళ్లి వాయిదా పడిన అక్కో, పత్తి చేలో కూలికి వెళ్లిన తల్లో ఉంటారు. ప్రభుత్వ లెక్కల్లో వారికి పద్దు లేదు.

1907లో అతను ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. సాధించిన మార్కులు 750కి 282. నూటికి 38 కూడా లేవు. ఈ అంకెను దాచిపెట్టే అభిమానులున్నారు. నాకు మాత్రం ఆయన జీవితంలో ఎంతో విలువైన అంకెల్లో ఇది ఒకటి. సంస్కృతం చదవాలని కోరుకున్న పిల్లవాణ్ని కులం పేరుతో ఆ తరగతికి రానివ్వక పర్షియన్‌కు పంపిన బడిలో, ఒకే గదిలో పదిమంది మధ్య దీపం కింద చదివి తెచ్చుకున్న మార్కులవి. ఈరోజు ప్రతిభ పేరుతో పెట్టే ఏ వడపోతలోనూ ఆ మార్కులు నిలవవు. అరవై శాతమో డెబ్బై శాతమో వచ్చినవారికే సాయమని నిబంధన ఉంటే, కొలంబియా విశ్వవిద్యాలయం ఆ విద్యార్థిని చూసేదే కాదు. పదో తరగతి మార్కులు పిల్లవాడు నడిచిన దారి ఎంత కష్టమైనదో చెప్పగలవు. అతను ఎంత దూరం వెళ్లగలడో చెప్పలేవు.

అంటరాని కులాల నుంచి మెట్రిక్ దాటడం అప్పట్లో పెద్ద విశేషం. ఎస్.కె. బోలే అధ్యక్షతన అభినందన సభ జరిగింది. రచయిత, ఉపాధ్యాయుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆ కుర్రవాడికి బహూకరించారు. చర్నీ రోడ్డు తోటలో సాయంత్రాలు ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకునే ఈ కుర్రవాణ్ని ఆయన అంతకుముందే గమనించి పలకరించారు. సభ ముగిసింది, దండలు వాడిపోయాయి, భీమరావు కాలేజీలో చేరాడు. కొంతకాలానికే తండ్రి చేతిలో డబ్బు అయిపోయింది. అభినందన సభలకు వచ్చినవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. కేలుస్కర్‌కు తెలిసింది. ఆయన బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్‌ను కలిసి, ఈ విద్యార్థికి సాయం చేయమని అడిగారు. మహారాజు కుర్రవాణ్ని పిలిపించి మాట్లాడారు. నెలకు 25 రూపాయల ఉపకార వేతనం మంజూరైంది.

ఆ 25 రూపాయలు లేకపోతే మన దేశ చరిత్ర మరోలా ఉండేదని చెప్పడం అతిశయోక్తి కాదు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ప్రొఫెసర్ ముల్లర్ పుస్తకాలు అరువిచ్చి, బట్టలు ఇచ్చి ఆదుకున్నారు. 1912లో ఆర్థిక, రాజనీతి శాస్త్రాలతో బి.ఏ. పూర్తయింది. 1913 జనవరిలో అతను బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. ఫిబ్రవరి 2న తండ్రి మరణించాడు. కొడుకు చదువు కోసం కూతుళ్ల నగలు కుదువ పెట్టిన ఆ సుబేదారు, కొడుకు సంపాదనతో సుఖపడిన రోజు ఒక్కటీ లేదు.

అదే ఏడాది జూన్‌లో మహారాజు అమెరికాలో ఉన్నత విద్యకు పంపడానికి అంగీకరించారు. నెలకు 11.5 పౌండ్లు, మూడేళ్లు. తిరిగి వచ్చాక బరోడా సంస్థానంలో పదేళ్లు కొలువు చేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. భీమరావు పెట్టాడు. జులైలో న్యూయార్క్ చేరాడు. కొలంబియాలో ఆర్థిక శాస్త్రంతో పాటు చరిత్ర, సామాజిక శాస్త్రం, తత్వశాస్త్రం, మానవ శాస్త్రం అన్నీ చదివాడు. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి గురువులు దొరికారు. 1915లో ఎం.ఏ. వచ్చింది. 1916 మే నెలలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక, వ్యాప్తి గురించి పరిశోధన పత్రం చదివాడు. అప్పటికి అతని వయసు 25. వచ్చిన డబ్బులో కొంత ఇంటికి పంపుతూ, తిండి తగ్గించుకుని, పాత పుస్తకాల దుకాణాల్లో వందల కొద్దీ పుస్తకాలు కొన్నాడు. అవమానం లేకుండా కూర్చుని తినడం, నీళ్లు తాగడం, గ్రంథాలయంలో రోజంతా గడపడం అతనికి ఆ నగరంలోనే తొలిసారి అనుభవమయ్యాయి. నెలనెలా ఆగకుండా డబ్బు వచ్చిన మూడేళ్లలో, కులం అడ్డురాని చోట ఒక మనిషి ఎంత ఎదగగలడో కొలంబియా చూపింది.

1916 అక్టోబరులో ఆయన లండన్ వెళ్లి గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్యకు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధనకు చేరారు. మరుసటి ఏడాది ఉపకార వేతనం గడువు ముగిసింది. పొడిగింపు రాలేదు. రెండు సంస్థల్లో రెండు చదువులు సగంలో ఉండగా ఆయన ఇంటిదారి పట్టారు. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి పూర్తి చేసుకోవడానికి విశ్వవిద్యాలయం అనుమతినివ్వడం ఒక్కటే ఊరట. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆయన సామాను ప్రయాణించిన ఓడ మునిగిపోయింది. పస్తులుండి కొన్న పుస్తకాల్లో పెద్ద భాగం సముద్రం పాలైంది. పోయిన సామానుకు వచ్చిన పరిహారం డబ్బే బరోడాలో ఉద్యోగంలో చేరడానికి దారిఖర్చు అయింది.

ఒప్పందం ప్రకారం 1917 సెప్టెంబరులో ఆయన బరోడా వెళ్లారు. మహారాజు ఆయనకు పెద్ద బాధ్యతలే అప్పగించాలనుకున్నారు. కానీ ఆ ఊళ్లో ఆయనకు అద్దెకు గది ఇచ్చేవారు లేరు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయనను చుట్టుముట్టి, సాయంత్రంలోగా ఖాళీ చేయమని హెచ్చరించింది. ఆశ్రయం ఇమ్మని అడిగిన మిత్రులు తమ ఇబ్బందులు చెప్పుకున్నారు. కచేరీలో జవాన్లు ఫైళ్లు ఆయన బల్ల మీదకు విసిరేవారు. ఒక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకుని ఆయన రాత్రి రైలెక్కి బొంబాయి చేరారు. పదేళ్ల ఒప్పందం పదకొండు రోజుల్లో ముగిసింది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా అంటరానితనపు క్రూరత్వానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజం. ఉపకార వేతనం గురించి కూడా ఇది ఒక గట్టి మాట చెబుతుంది. మహారాజు సదుద్దేశంతో చదివించారు. కానీ చదువుకు ఇచ్చిన డబ్బు చదువుకున్నవాడికి ఇల్లు ఇవ్వలేదు. అధికారి హోదా ఇచ్చిన రాజ్యం ఆ అధికారికి తన రాజధానిలో ఒక గది చూపించలేకపోయింది. ఫీజు చెల్లించడంతో బాధ్యత తీరిందనుకునే ప్రభుత్వాలకు బరోడా ఒక పాఠం. నగరానికి వచ్చిన దళిత విద్యార్థికి ఇప్పటికీ అద్దె గది వెతుక్కోవడం ప్రవేశ పరీక్ష కంటే కష్టమని నా విద్యార్థుల నోట ఎన్నోసార్లు విన్నాను.

మిగిలిపోయిన చదువు కోసం అంబేడ్కర్ తానే సంపాదించుకున్నారు. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. జీతం 450 రూపాయలు. అధ్యాపకుల గదిలోని కుండ నీళ్లు ఆయన తాగడానికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. సతారా బడి నుంచి సిడెన్‌హామ్ దాకా విద్యార్థి ప్రొఫెసర్ అయ్యాడు, కుండ మాత్రం మారలేదు. జీతంలో కూడబెట్టిన డబ్బు, స్నేహితుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు, కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ సాయం కలిపి 1920లో ఆయన మళ్లీ లండన్ చేరారు. ఉదయం ఒక రొట్టె ముక్కతో బయల్దేరి మ్యూజియం గ్రంథాలయం మూసేదాకా చదివి, రాత్రి గదిలో అప్పడాలు కాల్చుకుని ఆకలి తీర్చుకున్న రోజులవి. ఇక్కడ బొంబాయిలో రమాబాయి పిల్లలతో ఇల్లు నెట్టుకొచ్చారు. ఆ దంపతుల ఐదుగురు పిల్లల్లో బతికింది ఒక్కరే. 1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టరు పట్టా, 1923లో రూపాయి సమస్యపై సిద్ధాంత గ్రంథానికి డి.ఎస్సీ. వచ్చాయి. ఆ డిగ్రీలు ఎవరి పేరున ఉన్నా వాటి వెల కట్టినవారిలో రమాబాయి పేరు ముందుండాలి.

మెట్రిక్ నుంచి డాక్టరేట్ దాకా పదహారేళ్ల ఈ లెక్కను ఒకచోట పెట్టి చూడండి. ఒక ఉపాధ్యాయుడు తోటలో ఒక కుర్రవాణ్ని గమనించాడు. ఒక మహారాజుకు మనసు కలిగింది. ఒక ప్రొఫెసర్ బట్టలిచ్చాడు. ఒక మిత్రుడు అప్పిచ్చాడు. మరో మహారాజు ఆదుకున్నాడు. వీరందరూ గొప్పవారే, వారి పేర్లు మనం గౌరవంగానే తలచుకోవాలి. కానీ ఇదంతా యాదృచ్ఛికం. ఈ గొలుసులో ఏ ఒక్క కడియం తెగినా అంబేడ్కర్ లేరు. కేలుస్కర్ ఆ సాయంత్రం తోటకు రాకపోయి ఉంటే? తోట లేని ఊళ్లో ఉన్న కుర్రవాడి మాటేమిటి? దయ ఒక మనిషిని పైకి తేగలదు. ఒక జాతి మొత్తాన్ని పైకి తేవడానికి దయ చాలదు. తర్వాతి ముప్పై ఏళ్ల ప్రజాజీవితంలో అంబేడ్కర్ విద్య గురించి చేసిన పనులన్నిటి వెనుక ఈ గ్రహింపు ఉందని నా అభిప్రాయం.

1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. మరుసటి ఏడాది సభ ఆధ్వర్యంలో షోలాపూర్‌లో హాస్టల్ మొదలైంది. 1927లో బొంబాయి శాసనమండలి సభ్యుడయ్యాక, మార్చిలో విద్యా పద్దుపై చర్చలో ఆయన ఆశ్చర్యం కలిగించే మాట చెప్పారు. అణగారిన కులాల పిల్లలకు ఇస్తున్న స్కాలర్‌షిప్పుల వల్ల ప్రజాధనం వృథా అవుతోందని, ఆ డబ్బును హాస్టళ్లకు ఖర్చు చేయడం మేలని ఆయన వాదన. ఉపకార వేతనంతో చదువుకున్న మనిషే ఈ మాట అనడం విచిత్రంగా తోచవచ్చు. కారణాలు ఆయనే వివరించారు. ఇంట్లో తిండికి లేనప్పుడు ఆ కొద్ది డబ్బు కుటుంబం ఖర్చుల్లో కలిసిపోతుంది. పిల్లవాడి చదువుకు మిగలదు. చదువుకు అనువుకాని ఇల్లు, పరిసరాలు అతన్ని మధ్యలోనే వెనక్కి లాగుతాయి. పరేల్‌లోని ఒంటి గదిలో దీపం ముందు కూర్చున్న కుర్రవాడి అనుభవం ఆ ప్రసంగం వెనుక ఉంది. చాలీచాలని మొత్తాన్ని పంచి, బాధ్యత తీరిందనుకునే పద్ధతిని ఆయన తిరస్కరించారు. 1928లో విద్యా సంఘం ఏర్పాటు చేసి హాస్టళ్లు నడిపే బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాదే ఏర్పడిన స్టార్ట్ కమిటీలో సభ్యుడిగా హాస్టళ్లతో పాటు మరిన్ని స్కాలర్‌షిప్పుల కోసం, ఇంజనీరింగ్ చదువుకు విదేశాలకు పంపడం కోసం చేసిన సిఫార్సుల్లో పాలుపంచుకున్నారు. తెలుగునాట సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, తర్వాత ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో నిలబడిన గురుకులాల్లో కనిపించేది ఇదే ఆలోచన.

అసలు మలుపు 1942లో వచ్చింది. ఆ జులైలో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. కొద్ది నెలలకే, అక్టోబరు 29న, షెడ్యూల్డు కులాల సమస్యలపై సుదీర్ఘ వినతిపత్రాన్ని వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు సమర్పించారు. అందులో విద్య ప్రధానాంశం. ఆయన తర్కం సూటిగా ఉంది. అలీగఢ్, బెనారస్ విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఏటా లక్షల్లో గ్రాంటు ఇస్తోంది. షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు కేంద్రం బాధ్యత ఎందుకు తీసుకోదు? రాష్ట్రాలు ప్రాథమిక విద్యతో సరిపెడుతున్నాయి. అక్షరాలు నేర్చిన గుమస్తాలు ఎంతమంది ఉన్నా ఆ జాతి స్థితి మారదు. నిర్ణయాలు జరిగే స్థానాల్లోకి, శాస్త్ర సాంకేతిక రంగాల్లోకి మనుషులు వెళ్లాలి. అందుకు దేశంలో విజ్ఞాన, సాంకేతిక విద్యకు ఏటా రెండు లక్షలు, విదేశీ విద్యకు ఒక లక్ష కేటాయించాలని కోరారు.

ఫలితంగా ఏటా మూడు లక్షల రూపాయల కేంద్ర గ్రాంటు మంజూరైంది. 1944–45లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన హైదరాబాద్, మద్రాసులతో పాటు కోస్తాంధ్ర పట్టణాల్లోనూ పర్యటించారు. 1948–49లో పథకం షెడ్యూల్డు తెగలకు విస్తరించింది. ఇవాళ ఇంటర్మీడియట్ నుంచి పీహెచ్‌డీ దాకా మన విద్యార్థులు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అని పిలుచుకునేది దీన్నే.

మూడు లక్షలు పెద్ద మొత్తం కాదు. దాని స్వభావం పెద్దది. కేలుస్కర్ సిఫార్సు లేకుండా, మహారాజు దర్శనం లేకుండా, పదేళ్ల కొలువు ఒప్పందం లేకుండా, మెట్రిక్ పాసైన విద్యార్థి దరఖాస్తు చేసుకోగల ఏర్పాటు అది. ఇచ్చేది ఒక వ్యక్తి కాదు, ప్రజల ఖజానా. ఏటా బడ్జెట్‌లో దానికి ఒక పద్దు ఉంటుంది. పద్దు ఉంటే చట్టసభలో ప్రశ్న అడగవచ్చు. దయను ప్రశ్నించలేం. తనకు దయగా అందినదాన్ని తన తర్వాతి తరాలకు పద్దుగా మార్చడం అంబేడ్కర్ చేసిన పనుల్లో రాజ్యాంగ రచన తర్వాత చెప్పుకోదగ్గదని నేను నమ్ముతాను.

ఆ తర్వాత ఆయన వేసిన అడుగులూ ఇదే దారిలో ఉన్నాయి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ ప్రారంభమైంది. 1950లో నాటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో తెరిచిన కాలేజీయే తర్వాత మిళింద్ కళాశాలగా పేరొందింది. మరాఠ్వాడా వెనుకబాటును చూసి ఆయన ఆ చోటును ఎంచుకున్నారు. రాజ్యాంగంలోని 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించే బాధ్యతను రాజ్యంపై ఉంచింది. మన కోస్తా, సీమ జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాష్ట్రపు సామాజిక రిజర్వేషన్ల ఉత్తర్వును చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేశాక, 1951లో తొలి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది. అప్పుడు న్యాయశాఖ మంత్రి అంబేడ్కరే.

చివరి సంవత్సరంలో, 1956 మార్చిలో ఆగ్రా సభలో, చదువుకుని ఉద్యోగాలు పొందినవారు తమ సమాజాన్ని మరచిపోయారని ఆయన బాధపడ్డారు. ఆ మాటను కొందరు స్కాలర్‌షిప్పులకు వ్యతిరేకంగా వాడుతుంటారు. అది పొరపాటు. బరోడా మహారాజు కోరిన పదేళ్ల కొలువును ఆయన ఎవరినీ అడగలేదు. ప్రజల డబ్బుతో చదివినవారు ప్రజలకు రుణపడి ఉన్నారని గుర్తుచేశారు. ఆ మాట నాలాంటి జీతగాళ్లకు తగలాలి. చదువుకోవడానికి ఇంకా డబ్బు అందని పిల్లలకు కాదు. ఆ ఏడాది డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి అమలైన బోధన రుసుముల చెల్లింపు పథకం లక్షల ఇళ్లలో తొలి ఇంజనీరును, తొలి నర్సును, తొలి ఉపాధ్యాయురాలిని తయారు చేసింది. ఇది తిరస్కరించలేని మేలు. కానీ రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, బకాయిలు ఆగలేదు. ప్రభుత్వం చెల్లించలేదని కాలేజీ విద్యార్థి సర్టిఫికెట్లు పట్టి ఉంచుతుంది. పై చదువుకు సీటు వచ్చిన పిల్లలు టి.సి. కోసం ప్రిన్సిపాల్ గది ముందు నిలబడతారు. అప్పు ప్రభుత్వానిది, తాకట్టు విద్యార్థి భవిష్యత్తు. పథకాలకు నాయకుల పేర్లు పెడతారు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. సభ పెట్టి బటన్ నొక్కి డబ్బు విడుదల చేస్తారు. బడ్జెట్ పద్దు కింద గడువుకు జమ కావలసిన మొత్తం వేదిక మీది వరంగా మారిపోతుంది. అంబేడ్కర్ దయను పద్దుగా మార్చారు. మనం పద్దును తిరిగి దయగా మారుస్తున్నాం.

మొత్తం సంగతీ అంతే. 2020 డిసెంబరులో కేంద్రం ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ పథకాన్ని సవరించి, ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 60 శాతం. అంతకుముందు భారమంతా రాష్ట్రాలపై పడి పథకం చాలాచోట్ల కుంటుపడినందున ఇది అవసరమైన మార్పే. కానీ ఆ మార్గదర్శకాల ప్రకారం ఇంటి నుంచి వచ్చి ఇంటర్ చదివే విద్యార్థికి ఏడాది భత్యం 2,500 రూపాయలు. రోజుకు ఏడు రూపాయలు కూడా కాదు. బస్సు టికెట్టుకూ చాలదు. ఆ రోజుల్లో 25 రూపాయలు ఒక విద్యార్థి నెల ఖర్చులను ఆదుకున్నాయి. నేటి మొత్తం ఆ కొలతకు ఎంత దూరంలో ఉందో లెక్క వేయడం కష్టం కాదు. తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటితే ఈ కొద్దిపాటి సాయం కూడా లేదు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇల్లు ఆ గీత దాటడానికి ఎంతో దూరంలో లేదు.

ఆలస్యం ఏం చేస్తుందో అంబేడ్కర్ 1917లో లండన్ నుంచి వెనుదిరిగినప్పుడే తెలిసింది. ఆయనకు నాలుగేళ్ల గడువు, ప్రొఫెసర్ ఉద్యోగం, అప్పిచ్చే మిత్రుడు ఉన్నారు. అందరికీ ఉండరు. 2016 జనవరిలో హైదరాబాద్‌లో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని చివరి లేఖలో రాసి వెళ్లాడు. ఆ మరణానికి కారణాలు అనేకం, వాటిపై చర్చ ఇంకా సాగుతోంది. కానీ ఒక పరిశోధక విద్యార్థి చివరి మాటల్లో బకాయి లెక్క ఉండడం మన విశ్వవిద్యాలయాల చరిత్రలో చెరగని మచ్చ.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. విద్యా సంవత్సరం మొదలైన నెలలోనే తొలి విడత విద్యార్థి ఖాతాలో పడేలా చట్టబద్ధమైన గడువు పెట్టాలి. గడువు దాటితే ఉద్యోగి జీతం బకాయికి అడిగినట్టే దీనికీ జవాబు అడిగే వీలుండాలి. ప్రభుత్వ బకాయి సాకుతో సర్టిఫికెట్లు ఆపడాన్ని నేరంగా పరిగణించాలి. భత్యాన్ని ధరల సూచీతో ముడిపెట్టాలి, ఆదాయ పరిమితిని కనీస వేతనాల పెరుగుదలతో పాటు సవరించాలి. జిల్లా కేంద్రాల్లో, నగరాల్లో కాలేజీ విద్యార్థులకు సరిపడా హాస్టళ్లు కట్టాలి. ఎందుకంటే బరోడాలో గది దొరకని సమస్య నేటికీ అలాగే ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీ ఖాతాలో పడే డబ్బుకు ఏ నాయకుడి ఫొటో ముందూ చేతులు జోడించనవసరం లేదు. ఒక మనిషి 282 మార్కులతో మెట్రిక్ దాటి, పస్తులుండి, సగంలో ఆగి, మళ్లీ మొదలుపెట్టి, ఆ బాధ మీకు రాకూడదని వైస్రాయ్ మండలిలో కూర్చుని రాయించిన పద్దు అది. దాన్ని వేతనంలా అడగండి. ఆలస్యమైతే ఎందుకని ప్రశ్నించండి. ఉపకారమన్న మాటను ఆ పేరు నుంచి తొలగించడం మన తరం చేయవలసిన పని.